నేను ఆర్పించిన నిప్పు

అమెరికా వెళ్ళొచ్చానంటే ఆత్మకూరులో అందరూ ముందు అడిగేది నయాగరా చూశారా అని. చూడలేదు. ఆరు నెలలు ప్లేనోలో మా అమ్మాయి సునీత ఇంట్లో ఉండి నేను చేసిన పెద్ద ప్రయాణం ఒక్కటే. ఇద్దరం కార్‌లో రెండు రోజులు తూర్పుకి పోయి, సౌత్ కరోలినా సముద్రతీరంలో నల్లజాతివాళ్ళ పల్లె ఒకదాంట్లో ఐదు రోజులు అడవి పని చేసి వచ్చాం. ఎవరైనా అడిగితే ఇన్నాళ్ళూ అక్కడి చెట్ల సంగతులు చెప్పి తప్పించుకున్నాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో నేను తలెత్తుకుని చెప్పుకోదగ్గది పెద్దగా లేదు.

రాష్ట్రం విడిపోక ముందు సంగతి ఇది. నేను రిటైరై మూడో ఏడు. ముప్పై రెండేళ్ళు నల్లమలలో ఫారెస్టు డిపార్టుమెంటు ఉద్యోగం, గార్డుగా చేరి రేంజరుగా దిగిపోయాను. ప్లేనోలో అన్నీ ఉన్నాయి, రోడ్డు మీద నడిచే మనిషి తప్ప. పాలకి కారు, గుడికి కారు. కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి పచ్చిక కేసి చూస్తున్న నన్ను చూసి సునీతకి జాలేసినట్టుంది.

"నాన్నా, మా ఆఫీస్‌లో వాలంటీర్ పనికి లీవ్ ఇస్తారు. ఒకచోట పాత అడవిని మళ్ళీ తెప్పిస్తున్నారట. మొక్కలు నాటాలి. వస్తావా?"

"నాకు మొక్కలు నాటడం ఎవరైనా నేర్పాలా?" అన్నాను. అదీ నేను బయల్దేరిన తీరు.

తూర్పు దారి

లూసియానా దాటాక దారికి రెండు పక్కలా పైన్ తోటలే. మా వైపు నీలగిరి తోటల్లాగే వరసకి వరస గీత గీసినట్టున్నాయి. చూడముచ్చటగా ఉన్నాయని నేనంటే, అవి కాగితం మిల్లులకి పెంచే తోటలని, అడవులు కావని సునీత చెప్పింది. నేను ఒప్పుకోలేదు.

అలబామాలో రోడ్డు పక్కన ఒకావిడ పెద్ద గుండిగలో వేరుశెనక్కాయలు ఉడకబెట్టి అమ్ముతోంది. కాగితం గ్లాసుడు మూడు డాలర్లు. కారం వేసినవి అడిగితే, "అవి మీరు తినలేరు" అంది. కర్నూలు జిల్లా మనిషిని పట్టుకుని అనాల్సిన మాటేనా! గ్లాసు మొత్తం అక్కడే నిలబడి తినేశాను. ఆవిడ నవ్వి, ఇంకో గుప్పెడు ఊరికే పోసి, మీ దేశంలో ఈ పంట ఉందా అని అడిగింది. మా పక్క జిల్లా అంతా ఇదే పంట, వాన పడని ఏడు రైతులకి ఇదే దిగులు అన్నాను. "ఇక్కడా అంతే" అంది.

ఆ సాయంత్రం గట్టిగా బ్రేకు వేసినప్పుడు పులిహోర డబ్బా సీటు కింద ఒలికిపోయింది. వారం తర్వాత కూడా కారంతా ఇంగువ వాసనే.

రోడ్డు పక్క బుట్టలు

పల్లె దగ్గర పడుతుంటే హైవే పక్కన చెక్కలతో కొట్టిన చిన్న చిన్న దుకాణాలు కనిపించాయి. నిండా గడ్డితో అల్లిన బుట్టలు. ఒకదాని ముందు ఆగాం. డెబ్బై ఏళ్ళ ముసలావిడ చెంచా కాడని సానబట్టి చేసిన పనిముట్టుతో గడ్డిని చుట్లు చుట్లుగా కుడుతోంది. ఎండుగడ్డి వాసన, దాంట్లో ఏదో తీపి. ఒక బుట్ట అచ్చం మన చేటలా ఉంది, గుండ్రంగా ఉందంతే. వడ్లు చెరగడానికేనట.

"ఎంత?" అన్నాను.

"రెండు వందల యాభై డాలర్లు."

నేను పైకే నవ్వేశాను. "మా ఊళ్ళో ఇలాంటి చేట ఒక్క డాలరుకి వస్తుంది."

ఆవిడ కుట్టడం ఆపలేదు. "అలాగా? మరి దాన్ని అల్లినామె ఎట్లా బతుకుతోంది?"

ఆత్మకూరులో మేదరవాళ్ళ వీధి మా ఇంటికి రెండు వీధుల అవతల. ముప్పై ఏళ్ళు అటు నుంచే ఆఫీసుకి వెళ్ళాను. ఎట్లా బతుకుతున్నారో ఎన్నడూ అడగలేదు. కార్ ఎక్కాను. గంట తర్వాత పల్లెలో మమ్మల్ని పిలిచిన డెనీస్ అనే బడి టీచరు, "మా అమ్మ, మిస్ ఎర్లీన్" అని పరిచయం చేసింది ఆవిడనే. అక్కడ పెద్దవాళ్ళని పేరుకి ముందు మిస్, మిస్టర్ పెట్టి పిలుస్తారు, మనం గారు అన్నట్టు. మిస్ ఎర్లీన్ నా వైపు చూసి, "చేట ధర తెలిసినాయన" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

చర్చి హాల్లో అన్నం

వాళ్ళని గుల్లా జనం అంటారు. ఆఫ్రికాలో వరి పండించడం తెలిసినవాళ్ళని ఏరి పట్టుకొచ్చి ఈ తీరంలో బానిసలుగా అమ్మారట. విడుదలయ్యాక వాళ్ళ ముత్తాతలు పైసా పైసా కూడబెట్టి ఈ నేల కొన్నారు. పంపకాలు లేవు, ఇప్పటికీ అందరిదీ ఉమ్మడే. చర్చి హాల్లో మాకు పెట్టిన భోజనం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. టమాటాలు వేసి ఎర్రగా వండిన అన్నం, బెండకాయ పులుసు లాంటిది, ఆకుకూర. "అన్నం లేకపోతే తిన్నట్టుండదు మాకు" అని డెనీస్ అంటే, మా అమ్మ మాట ఇంగ్లీషులో విన్నట్టయింది.

భోజనాలయ్యాక డెనీస్ తెర మీద బొమ్మలు వేసి, చేయబోయే పని గురించి చెప్పడం మొదలుపెట్టింది. పదీ పన్నెండు మందిమి వచ్చాం వాలంటీర్లం. ముప్పై రెండేళ్ళు అడవిలో ఉన్నవాడికి ఈ పాఠాలేమిటని నేను మెల్లగా లేచి బయటికొచ్చి వరండాలో పచార్లు చేశాను. లోపల ఆ అరగంటలో ఏం చెప్పిందో నేను వినలేదు. దీన్ని గుర్తుంచుకోండి, తర్వాత జరిగినదానికి నాకు వేరే సాకు లేదు.

గడ్డిలా ఉండే చెట్టు

మర్నాడు నాట్లు. మాకు పని చూపించినాయన మిస్టర్ సాలమన్, మిస్ ఎర్లీన్‌కి అన్న. డెబ్బై ఎనిమిదేళ్ళు. పొడుగ్గా, ఎముకల గూడులా ఉన్నాడు. మాట తక్కువ. వాళ్ళు తిరిగి తెచ్చుకోవాలనుకుంటున్నది సవన్నా. అంటే చెట్లు దూరదూరంగా ఉండి, ఎండ నేల దాకా దిగి, కింద మోకాలెత్తు గడ్డి పెరిగే అడవి. పొడుగాటి ఆకుల పైన్ ఒకటి ఉంది, అదే అక్కడి అసలు చెట్టు. దాని పిల్ల చాలా ఏళ్ళు అచ్చం గడ్డి దుబ్బులా నేలకి అంటుకునే ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా లేస్తుంది. నేనది గడ్డే అని వాదించాను. సాలమన్ ఒక దుబ్బు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆకులు విడదీసి, మధ్యలో తెల్లగా మెరిసే మొగ్గని చూపించాడు.

నా నాట్లు మాత్రం బాగున్నాయన్నారు. దాంతో నాకు నోరు లేచింది. మా ప్లాంటేషన్ల గురించి, నిప్పు పాకకుండా గీసే ఫైర్ లైన్ల గురించి అందరికీ చెప్పుకొచ్చాను. పక్కన ఒకచోట చెట్లూ పొదలూ ఒకదాన్నొకటి ఒరుసుకుని, మనిషి దూరలేనంత చిక్కగా ఉంది.

"అడవంటే అదీ" అన్నాను.

"అదే దీని జబ్బు" అన్నాడు సాలమన్.

చదువుకోని ముసలాయన, ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

పొగ

మూడో రోజు ఆదివారం. సునీత ఇంకా లేవలేదు. చలికి మంకీ క్యాప్ పెట్టుకుని ఒక్కణ్ణే నడకకి బయల్దేరాను. ఆ చిక్కటి అడవి అంచున పొగ కనిపించింది. ముప్పై రెండేళ్ళ అలవాటు, కాళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. దగ్గరికి వెళ్ళేసరికి సాలమన్ ముక్కున్న డబ్బా ఒకటి పట్టుకుని నడుస్తున్నాడు. డబ్బాలోంచి నిప్పు చుక్కలు చుక్కలుగా ఎండుటాకుల మీద రాలుతోంది. ఆయన నింపాదిగా, చేలో విత్తనం చల్లుకుంటూ పోయినట్టు పోతున్నాడు.

"ఆపండి!" అని అరిచాను. ఆయన చెయ్యి ఊపాడు, అంతే. నన్ను పలకరిస్తున్నాడనే అనుకుని ఉంటాడు.

వెళ్ళి అడగొచ్చు. యాభై గజాలు కూడా లేదు. ముందు రోజంతా ఆయన పక్కనే కూర్చుని మొక్కలు నాటినవాణ్ణి. కానీ ఆ క్షణంలో నాకు కనిపించింది సాలమన్ కాదు. అడవికి నిప్పు పెట్టే మనిషి కనిపించాడు. అలాంటివాళ్ళని పట్టుకోవడమే నా ఉద్యోగం.

నా దగ్గర ఫోన్ లేదు. రోడ్డవతల డబ్బున్నవాళ్ళ గోల్ఫ్ కాలనీ ఉంది, పెద్ద గేటు, గేటు పక్కన గార్డు గది. అక్కడికి పరుగెత్తి, రొప్పుతూ, గార్డుతో అన్నాను: "ఎవరో నల్లవాడు, ముసలివాడు, అడవిని తగలబెడుతున్నాడు."

ఎవరో. నల్లవాడు. ఆ రెండు మాటలూ నా నోట్లోంచే వచ్చాయి.

గార్డు ఫోన్ తీశాడు. పది నిమిషాల్లో పోలీసు కార్లు రెండు, ఫైరింజను ఒకటి వచ్చాయి. నేను కంచె ఇవతల గార్డు పక్కనే నిలబడి చూశాను. సాలమన్ని కారు బానెట్ మీద చేతులు పెట్టి వంగమన్నారు. నిప్పు పెట్టడానికి పర్మిషన్ కాగితం చొక్కా జేబులో ఉందని ఆయన చెబుతున్నాడు. జేబు జోలికి పోవద్దని వాళ్ళు అరుస్తున్నారు. ఒకతని చెయ్యి తుపాకీ మీద ఉంది. అవతలి వైపు నుంచి, నిప్పు దాటకుండా నీళ్ళ ట్యాంకరుతో కాపలా ఉన్న మనుషులిద్దరూ, వాళ్ళ వెనక డెనీసూ చేతులు పైకెత్తి నడుచుకుంటూ వచ్చారు. బడి పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి, తన సొంత నేల మీద చేతులు పైకెత్తి నడిచింది.

అప్పుడు అర్థమైంది నాకు.

"మంచి పని చేశారు సార్" అన్నాడు గార్డు నాతో.

కాగితం చూసి, ఎవరికో ఫోన్ చేసి, ఇరవై నిమిషాల తర్వాత వదిలిపెట్టారు. అప్పటికే ఫైరింజను నీళ్ళు కొట్టేసింది. గాలి కూడా తిరిగి పొగ రోడ్డు మీదికి రావడం మొదలైంది, ఇక అంటించడానికి వీల్లేదు. గాలీ తేమా సరిగ్గా కుదిరే ఆ ఒక్క రోజు కోసం వాళ్ళు ఐదు వారాలుగా ఎదురుచూస్తున్నారట.

రెండోసారి వడ్డించిన అన్నం

మధ్యాహ్నం హాల్లో అందరూ ఒకటే మాట: గోల్ఫ్ కాలనీవాళ్ళే ఫోన్ చేసుంటారు. వాళ్ళకి పొగ పడదు, మేమూ పడం. సాలమన్ మూల కుర్చీలో కూర్చుని మెతుకు ముట్టకుండా తన అరచేతులకేసి చూసుకుంటున్నాడు.

"ఎంత అన్యాయం చూడు నాన్నా" అంది సునీత. "వెళ్ళి ఆయన్నే అడగొచ్చు కదా? మొన్న డెనీస్ చెప్పింది కూడా, నిప్పు లేకపోతే ఈ అడవి బతకదని. నువ్వప్పుడు బయట ఉన్నావు."

"ఊఁ" అన్నాను.

నా మొహం పాలిపోయిందని ఎవరో ఇంకో గరిటెడు అన్నం వడ్డించారు. తిన్నాను. ఆ అన్నం నాకు ఎలా దిగిందో ఇప్పటికీ తెలియదు.

మిస్ ఎర్లీన్ మా బల్ల దగ్గరే కూర్చుని బుట్ట కుడుతూ చెప్పింది. వాళ్ళ నాన్న ఏటా ఫిబ్రవరిలో అడవిని అంటించేవాడట. నిప్పు మోకాలెత్తు దాటకుండా నడిచిపోయేది. వెనకాలే గడ్డి మొలిచేది, బుట్టలకి గడ్డి అందులోంచే కోసుకునేవాళ్ళు. తర్వాత ఫారెస్టువాళ్ళు వచ్చి బోర్డులు పాతారు, నిప్పు పెడితే నేరమన్నారు. "మా నాన్నని తీసుకెళ్ళిన రోజు నాకు తొమ్మిదేళ్ళు. టోపీ పెట్టుకోనివ్వండి అని అడిగాడు. ఒప్పుకోలేదు. అప్పటి నుంచీ పొదలు కమ్మేశాయి. ఇప్పుడు గడ్డి ఇంకో రాష్ట్రం నుంచి కొనుక్కుంటున్నాం."

నాకు లింగయ్య గుర్తొచ్చాడు. పెద్దచెరువు బీటు అవతల పెంటలో, అంటే చెంచుల గూడెంలో ఉండేవాడు. గడ్డికి నిప్పు పెట్టాడని నేనే కేసు రాశాను. రేంజి ఆఫీసులో నేల మీద కూర్చుని, "పెట్టకపోతే అడవి చెడిపోతది దొరా" అని ఒకే మాట పదిసార్లు చెప్పాడు. పంచనామాలో ఆ మాట నేను రాయలేదు. నంద్యాల జైలుకి పంపించాను. ఆ ఏడు మంచి పని చేశానని పైవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. తర్వాత లింగయ్య ఏమయ్యాడో నాకు తెలియదు. కనుక్కోలేదు.

వరండా

హాలు బయట కార్‌లో కూర్చున్నాక సునీతకి చెప్పేశాను. 

"ఈ దేశంలో అలా ఫోన్ చేస్తే మనుషులు చచ్చిపోతారు నాన్నా. తెలుసా నీకు?"

"తెలియదమ్మా."

"ఇప్పుడు తెలిసిందిగా. పద, ఆయన దగ్గరికి."

"నువ్వూ రా. నా ఇంగ్లీషు..."

"గార్డుతో మాట్లాడ్డానికి సరిపోయిందిగా."

సాలమన్ తన ఇంటి వరండాలో కూర్చుని బూట్ల బురద గీకుతున్నాడు. మెట్ల కింద నిలబడి చెప్పాను. ఆయన తల ఎత్తలేదు.

"తెలుసు. కంచె దగ్గర నీ టోపీ కనపడింది" అన్నాడు. ఇంగ్లీషులో నువ్వూ మీరూ ఒకటే, కానీ ఆ మాట నాకు నువ్వు అన్నట్టే వినిపించింది.

"మరి హాల్లో చెప్పలేదే?"

"నువ్వు చెప్తావేమోనని చూశాను." రెండో బూటు తీసుకున్నాడు. "అతనితో ఏమన్నావు?"

"నిప్పు పెడుతున్నారని..."

"అట్లా కాదు. అన్న మాట అన్నట్టే చెప్పు."

చెప్పాను. ఎవరో నల్లవాడు, ముసలివాడు. ఆయన ముందు ఆ మాటలు మళ్ళీ అనడం కంటే ఆ మెట్ల మీద పడి నేలలోకి కుంగిపోవడం తేలికనిపించింది. ఆయన మొత్తం విని, "నిన్న నీకు నా పేరు తెలుసు" అన్నాడు.

నేను ఫారెస్టు ఉద్యోగినని, లింగయ్య సంగతీ, ఆయన అడక్కుండానే చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. క్షమిస్తాడనుకున్నానేమో. ఆయన బూట్లు పక్కన పెట్టి అన్నాడు: "అది అతనికి చెప్పాల్సింది. నాకు కాదు. ఇక్కడి సంగతి హాల్లోవాళ్ళకి చెప్పు. ఆ కాలనీవాళ్ళు చాలా అన్యాయాలు చేశారు మాకు, ఇది మాత్రం చేయలేదు."

సాయంత్రం ప్రార్థన అయ్యాక హాల్లో అందరి ముందూ నిలబడి చెప్పాను. సునీత పక్కన నిలబడింది గానీ ఒక్క ముక్క అందించలేదు. నేను చెప్పడం అయిపోయాక ఎవరూ తిట్టలేదు. డెనీస్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి నిలబడింది. మిస్ ఎర్లీన్ మాత్రం కుట్టడం ఆపి నా వైపు చూసింది, చేట ధర అడిగినప్పుడు కూడా ఆపని మనిషి.

మంగళవారం

సోమవారమే మేం బయల్దేరాలి. కానీ మంగళవారం మళ్ళీ గాలి కుదరొచ్చని కబురొచ్చింది. సునీత మేనేజర్‌కి ఫోన్ చేసి ఇంకో రోజు లీవ్ తీసుకుంది. ఏదైనా పని ఇమ్మని నేను డెనీస్‌ని అడిగాను. ఆవిడ ఒక పళ్ళ గొర్రు చేతికిచ్చింది. నిప్పు వేడికి పాత చెట్ల మొదళ్ళు మాడకుండా, వాటి చుట్టూ పేరుకున్న ఎండుటాకులు దూరంగా లాగెయ్యాలి. సోమవారమంతా అదే చేశాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఎవరికీ చూపించలేదు.

మంగళవారం పదింటికి ముందు అంచున కొంచెం అంటించి పొగ ఎటు పోతుందో చూశారు. సాలమన్ తలాడించాడు. డబ్బా అందుకుని నడక మొదలుపెట్టాడు. నన్ను ఆయన వెనక ఇరవై అడుగుల దూరంలో గొర్రుతో నడవమన్నారు, ఫైర్ లైన్ గీత దాటిన నిప్పుని వెనక్కి లాగడానికి.

నా జీవితంలో నిప్పుని అలా ఎప్పుడూ చూడలేదు. నేనెరిగిన నిప్పు కొండ మీద పడి అరుచుకుంటూ పోయేది. ఇది నేలబారున, గాలికి ఎదురు, మనిషి నడక కంటే నెమ్మదిగా పాకింది. కొన్నేళ్ళ కిందట అంచున నాటిన పైన్ పిల్లల దుబ్బుల మీదుగా పోయింది. ఆకుల కొసలు మాడాయి, లోపలి మొగ్గ చెక్కుచెదరలేదు. గంటలో ఆ చిక్కుపొదల కింద నేల కనపడింది. లింగయ్య పదిసార్లు చెప్పింది ఇదే.

కానీ నేను రాయాల్సింది నిప్పు గురించి కాదు. ఆ అడవి పక్కనే రోడ్డుంది. రోడ్డు మీద కార్లు పోతూనే ఉంటాయి. ఆదివారం పొద్దున నేను చూసినప్పుడు సాలమన్ ఆ చప్పుడు చెవిన పెట్టలేదు, విత్తనం చల్లుకునే మనిషిలా నడిచాడు. మంగళవారం అలా నడవలేదు. వెనక కారు వినపడ్డప్పుడల్లా ఆగాడు. డబ్బా నిటారుగా ఎత్తి, నిప్పు చుక్క రాలకుండా పట్టుకుని, తల తిప్పి రోడ్డు వైపు చూశాడు. కారు పోయాక రెండడుగులు వేశాడు. ఇంకో కారు. మళ్ళీ ఆగాడు. ఒకసారి ఖాళీగా ఉన్న చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయి, కిందికి దిగింది.

గీత చివరికంటా అలాగే నడిచాడు. నేను వెనక గొర్రు లాగుతూ నడిచాను. ఆయన రోడ్డు వైపు ఎన్నిసార్లు చూశాడో అన్నిసార్లూ నేనూ చూశాను. నా వైపు మాత్రం ఆయన ఒక్కసారి కూడా తిరగలేదు.